వేడెక్కగానే ఆగిపోతున్న పాత బండి, కార్బురేటర్ మూడుసార్లు విప్పాను

పాతబండి_పిచ్చోడు
ముప్పై ఏళ్లు దాటిన సింగిల్ సిలిండర్ బండి నాది. ఫోర్ స్ట్రోక్, గాలికి చల్లబడే ఇంజిన్, పాయింట్ల ఇగ్నిషన్ (రెండు లోహపు ముక్కలు తెరుచుకుంటూ మూసుకుంటూ స్పార్క్ పుట్టించే పాత పద్ధతి), సెల్ఫ్ లేదు, కిక్కే దిక్కు. పొద్దున చోక్ లాగి కొడితే రెండో కిక్కుకు లేస్తుంది. పదిహేను ఇరవై నిమిషాలు హాయిగా నడుస్తుంది. ఆ తర్వాత ఎక్కడైనా యాక్సిలరేటర్ వదిలితే చాలు, టప్పున ఆగిపోతుంది. ఇక కాలు నొప్పి పుట్టేదాకా కొట్టినా లేవదు. అరగంట పక్కన పెడితే ఏమీ ఎరగనట్టు ఒక్క కిక్కుకు లేస్తుంది.

కార్బురేటర్ మూడుసార్లు విప్పి కడిగాను. జెట్లు (పెట్రోల్ కొలిచి వదిలే సన్న రంధ్రాల ముక్కలు) వెలుతురుకు పెట్టి చూశాను, రంధ్రాలన్నీ శుభ్రంగా ఉన్నాయి. ప్లగ్గు కొత్తది, ఎయిర్ ఫిల్టర్ కొత్తది, ఆయిల్ మార్చాను. పోయిన నెల రెండు రోజులు కూర్చుని మొత్తం సర్వీసింగ్ నేనే చేసుకున్నాను. ఇంజిన్ కూడా ఇదివరకటికంటే మెత్తగా నడుస్తోంది, ఆ టకటకలన్నీ పోయాయి. ఈ ఆగిపోవడం ఒక్కటే ప్రాణం తీస్తోంది. నాలుగోసారి కార్బురేటర్ విప్పబోయే ముందు ఇక్కడ అడుగుదామనిపించింది.

కిక్కు_కింగ్
విప్పు. ఐడ్లింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ వదిలినప్పుడు, ఆగిపోతోందంటే అప్పుడు పెట్రోల్ ఇచ్చే పైలట్ జెట్టే. పైకి శుభ్రంగా కనిపిస్తుంది, దాని వెనక బాడీలో ఉండే సన్న దారుల్లో ఎండిపోయిన పెట్రోల్ జిగురు పట్టి ఉంటుంది. స్ప్రే కొట్టి ఊదితే పోదు. రాత్రంతా నానబెట్టాలి. నాది ఐదోసారికి కుదిరింది.

రెండు_స్ట్రోకులు
ఐదోసారికి కుదిరిందా, నీకు విసుగొచ్చి బండి నడపడం మానేశావా?

కరెంటు_పిచ్చి
కార్బురేటర్‌కు చల్లగా ఉన్నప్పుడొక న్యాయం, వేడెక్కాక ఒక న్యాయం ఉండదు. జెట్ మూసుకుపోతే పొద్దున కూడా ఏడిపించాలి కదా. చల్లగా ఉంటే పనిచేసి వేడికి చచ్చిపోయేవి రెండే: పాయింట్ల మధ్య నిప్పురవ్వలు ఎగరకుండా చూసే కండెన్సర్, ప్లగ్గుకు వోల్టేజ్ పెంచి ఇచ్చే ఇగ్నిషన్ కాయిల్. కాయిల్ లోపల వెంట్రుకంత సన్నని తీగ ఎక్కడో తెగి ఆనుకుని ఉంటుంది. వేడికి సాగితే విడిపోతుంది, చల్లారితే మళ్లీ అతుక్కుంటుంది. మల్టీమీటర్ పెట్టి చూస్తే అంతా బాగున్నట్టే చూపిస్తుంది, ఎందుకంటే మీటర్ పెట్టేసరికి అది చల్లారిపోయి ఉంటుంది.

కవర్ విప్పి చీకట్లో పాయింట్లు చూడు. ఇంజిన్ నడుస్తుండగా పాయింట్ల మధ్య లావుగా పసుపు నిప్పురవ్వలు ఎగురుతుంటే కండెన్సర్ పోయినట్టే. చిన్న నీలం చుక్కలా కనిపిస్తే పరవాలేదు.

పాతబండి_పిచ్చోడు
కండెన్సర్ అంటే నమ్మబుద్ధేస్తోంది. లక్షణాలన్నీ సరిపోతున్నాయి. రేపే తెస్తాను.

మసిగుడ్డ
ఆగు నాయనా. ఇప్పటిదాకా ఒకాయన జెట్ అన్నాడు, ఒకాయన కండెన్సర్ అన్నాడు. బండి ఆగిపోయిన ఆ క్షణంలో ఏం లేదో ఎవరూ అడగలేదు. ఇంజిన్ నడవాలంటే కావాల్సినవి మూడు: పెట్రోల్, స్పార్క్, కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ నొక్కితే పుట్టే ఒత్తిడి). మూడింట్లో ఏదో ఒకటి ఆ నిమిషాన పోతోంది. అది ఏదో ఇంటికొచ్చి చల్లారాక ఎంత వెతికినా దొరకదు. రోడ్డు పక్కన, ఆగిన చోటే చూడాలి.

బండి ఆగగానే ముందు ట్యాంకు మూత తెరువు. స్‌స్‌స్ మని గాలి లోపలికి పీల్చుకున్న శబ్దం వస్తే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయినట్టు. వెంటనే కిక్కు కొట్టి చూడు. లేచిందా, నీ రోగం కుదిరింది. లేవలేదా, ప్లగ్గు విప్పి చూడు, తడిగా ఉందా పొడిగా ఉందా. పొడిగా ఉంటే పెట్రోల్ రావడం లేదు. తడిగా ఉంటే పెట్రోల్ వస్తోంది, మండటం లేదు. అప్పుడు స్పార్క్ చూడు. అది కూడా బాగుంటే, కిక్కు చేత్తో నొక్కి చూడు, పొద్దున ఉన్న బరువే ఉందా లేదా అని.

ఈ నాలుగూ చూసి వచ్చి చెప్పు. అప్పటిదాకా పానా ముట్టుకోకు.

కిక్కు_కింగ్
మసిగుడ్డ గారూ, మీరు చెప్పింది పుస్తకంలో బాగుంటుంది. వందలో తొంభై సార్లు కార్బురేటరే.

మసిగుడ్డ
ఇతను మూడుసార్లు విప్పాడు బాబూ. ఇక ఆ తొంభైలో ఎంత మిగిలిందో నువ్వే లెక్కగట్టు.

పానా_రాణి
మూత సంగతి తేలిగ్గా తీసుకోకండి. నా బండి సరిగ్గా ఇలాగే ఏడిపించింది. పెయింట్ వేయించినప్పుడు మూత లోపలి సన్న రంధ్రంలోకి రంగు పోయింది. ట్యాంకు నిండా పెట్రోల్ ఉంటే పదిహేను నిమిషాలకే ఆగేది, సగం ఉంటే నలభై నిమిషాలు నడిచేది. ఆ తేడా గమనించే దాకా నాకు వెలగలేదు. లోపల ఖాళీ జాగా తక్కువుంటే వాక్యూమ్ త్వరగా పుడుతుంది. సూది పెట్టి రంధ్రం తెరిస్తే అయిపోయింది. అంతకు ముందు కొత్త పెట్రోల్ కాక్ (ట్యాంకు కింది కుళాయి) వేశాను, కొత్త పైపు వేశాను, కొత్త ఫ్లోట్ పిన్ను వేశాను.

గ్యారేజీ_మూల
అక్కా, అన్నీ వేశాక ఆఖరున సూదితో కుదరడం అనేది మనందరి జాతకం.

కొత్త_కుర్రాడు
స్పార్క్ ఎలా చూడాలి? నేను ప్లగ్గు విప్పి చేత్తో పట్టుకుని కిక్కు కొట్టాను. ఇంకా భుజం గుంజుతోంది.

రెండు_స్ట్రోకులు
స్పార్క్ ఉందన్నమాట.

కరెంటు_పిచ్చి
నవ్వకండి, నేర్చుకునే రోజుల్లో అందరం తిన్నాం. ప్లగ్గు విప్పి, క్యాప్ తగిలించి, ప్లగ్గు లోహపు ఒళ్లు ఇంజిన్ హెడ్డుకు గట్టిగా ఆనేలా పెట్టాలి. చేత్తో పట్టుకోవద్దు, తీగతో కట్టెయ్. ప్లగ్గు రంధ్రానికి దూరంగా పెట్టు, అందులోంచి పెట్రోల్ ఆవిరి బయటికి చిమ్ముతుంది, ఎదురుగా స్పార్క్ ఉంటే అంటుకుంటుంది. నీడలో చూడు. నీలంగా, టిక్ మని శబ్దంతో వస్తే బాగున్నట్టు. ఎర్రగా, పల్చగా, ఒకసారి వచ్చి ఒకసారి రాకపోతే బాగోనట్టు. ఇంకో మాట, పాయింట్లు కాకుండా సీడీఐ (ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టె) ఉన్న బండైతే ప్లగ్గు ఎర్త్ కాకుండా గాల్లో వదిలేసి కిక్కు కొట్టొద్దు, సీడీఐ పోయే ప్రమాదం ఉంది.

తుప్పు_వైద్యం
ట్యాంకు మాట వచ్చింది కాబట్టి: లోపల టార్చి వేసి చూశారా? పాత ట్యాంకుల్లో తుప్పు పొడి అడుగున చేరి, బండి కదిలే కొద్దీ కాక్ మూతికి వచ్చి అడ్డుపడుతుంది. ఆగి కాసేపు ఉంచితే కిందికి దిగిపోతుంది. ఇదీ 'అరగంటకు లేస్తుంది' లాగే ఉంటుంది.

నేను ఒకసారి తుప్పు రాల్చడానికి ట్యాంకులో ముప్పై నట్లు వేసి ఊపాను. ఇరవై తొమ్మిది బయటికొచ్చాయి. ఆ ముప్పయ్యోది ఇప్పటికీ బ్రేకు వేసినప్పుడల్లా గలగలమంటూ పలకరిస్తుంది. అప్పటి నుంచి సిట్రిక్ యాసిడ్ కలిపిన నీళ్లే వాడుతున్నాను. ఒక రోజు నానబెట్టి, పారబోసి, వంటసోడా నీళ్లతో కడిగి, వెంటనే వేడిగాలి పెట్టి ఆరబెట్టాలి. ఆరబెట్టడం ఆలస్యమైతే గంటలోనే పల్చటి నారింజ రంగు తుప్పు మళ్లీ వచ్చేస్తుంది, చేసిన పనంతా వృథా.

గ్యారేజీ_మూల
నేను బ్యాటరీ చార్జర్, చాకలిసోడా నీళ్లతో చేశాను. ట్యాంకుకు నెగెటివ్, మధ్యలో వేలాడదీసిన ఇనుప కడ్డీకి పాజిటివ్. కడ్డీ ట్యాంకుకు తగలకూడదు. తుప్పు కరగడం బురద బురదగా కనిపిస్తుంది, చూడ్డానికి భలే ఉంటుంది.

తుప్పు_వైద్యం
ఆరుబయట చేశారని ఆశిస్తున్నా. దాన్లోంచి వచ్చేది హైడ్రోజన్. కడ్డీ స్టెయిన్‌లెస్‌ది మాత్రం పెట్టకండి, అందులోని క్రోమియం విషమై నీళ్లలోకి దిగుతుంది.

పాతబండి_పిచ్చోడు
ఒప్పుకుంటున్నా, ఆగలేకపోయాను. కండెన్సర్ మార్చాను. ఇరవై రెండు నిమిషాలు నడిచింది. ఆగిపోయింది.

రెండు_స్ట్రోకులు
రెండు నిమిషాలు పెరిగిందిగా! ఇంకో ఇరవై కండెన్సర్లు వేస్తే గంట నడుస్తుంది.

కరెంటు_పిచ్చి
కొత్త కండెన్సర్లు కూడా చెడ్డవి వస్తున్నాయి. ఇంకొకటి వేసి చూడు.

మసిగుడ్డ
నేను నాలుగు చూడమన్నాను. ఒక్కటైనా చూశావా?

పాతబండి_పిచ్చోడు
చూడలేదండీ. సిగ్గుగా ఉంది. రేపు పొద్దున ప్లగ్గు పానా, గుడ్డ, పాత ప్లగ్గు జేబులో వేసుకుని ఆగిపోవడానికే బయల్దేరతాను.

గ్యారేజీ_మూల
బండి ఆగిపోవాలని దండం పెట్టుకుని బయల్దేరితే ఆ రోజు చచ్చినా ఆగదు, చూడు.

పాతబండి_పిచ్చోడు
ఆగింది. సరిగ్గా పంతొమ్మిదో నిమిషానికి.

మూత తీశాను, ఏ శబ్దమూ లేదు. మూత తెరిచి ఉంచే కిక్కు కొట్టాను, లేవలేదు. ప్లగ్గు విప్పాను (వేలు కాలింది, గుడ్డ అందుకే అని తర్వాత గుర్తొచ్చింది). తడిగా ఉంది, పెట్రోల్ వాసన గుప్పుమంది. స్పార్క్ చూశాను, పాత ప్లగ్గుతో కూడా చూశాను. రెండింటికీ నీలంగానే ఉంది, శబ్దం కూడా వినిపించింది. ఆఖరున కిక్కు చేత్తో నొక్కాను. పొద్దున నా బరువంతా వేస్తే గానీ దిగని కిక్కు చేత్తోనే జారిపోయింది. మధ్యలో ఆగాల్సిన చోట ఆగలేదు. సైలెన్సర్ వైపు ఏదో ఉఫ్ మన్నట్టుగా వినిపించింది, నా ఊహేమో తెలీదు.

మసిగుడ్డ
ఊహ కాదు. దొరికింది.

పానా_రాణి
మొదటి పోస్టులో ఒక మాట రాశారు చూడండి: 'ఇదివరకటికంటే మెత్తగా నడుస్తోంది, టకటకలన్నీ పోయాయి'. సర్వీసింగ్ చేసినప్పుడు టప్పెట్లు, అంటే వాల్వుల దగ్గర సందు సర్దే స్క్రూలు, ముట్టుకున్నారా?

పాతబండి_పిచ్చోడు
ముట్టుకున్నాను. శబ్దం వస్తోందని బిగించాను. సందు కొలిచే ఫీలర్ గేజ్ లేదు. వేలితో ఊపి చూసి, కదలడం ఆగిపోయేదాకా తిప్పి లాక్ నట్ బిగించాను. ఇంజిన్ ఎంత నిశ్శబ్దంగా మారిందో ఇంట్లో అందరికీ వినిపించాను కూడా.

రెండు_స్ట్రోకులు
అందుకే నేను వాల్వులే లేని టూ స్ట్రోక్ బండి కొనుక్కున్నాను. పొగ వస్తుంది కానీ పరువు పోదు.

మసిగుడ్డ
ఇతన్ని ఏడిపించకండి, ఈ పని చేయని వాడు ఇక్కడ ఎవడూ లేడు. జరిగింది ఇది. వాల్వును నొక్కి తెరిచే రాకర్‌కు, వాల్వు కాడకు మధ్య చిన్న సందు ఉంచాలి. వాల్వు వేడెక్కితే కాడ పొడవు పెరుగుతుంది, ఆ పెరుగుదలకు చోటు అదే. అందులోనూ ఎగ్జాస్ట్ వాల్వు మండిన వాయువుల దారిలో ఉంటుంది, ఎక్కువ కాలేది అదే. నువ్వు చల్లగా ఉన్నప్పుడే సందు లేకుండా బిగించావు. పొద్దున ఎలాగో మూసుకుంటోంది. ఇరవై నిమిషాలు తిరిగాక కాడ సాగి, రాకర్‌కు ఆని, వాల్వు తన సీటు మీద పూర్తిగా కూర్చోవడం లేదు. వెంట్రుకంత తెరిచి ఉన్నా చాలు, కంప్రెషన్ సైలెన్సర్‌లోకి పోతుంది. నువ్వు విన్న ఉఫ్ అదే. స్పీడు మీద ఉంటే లాగించేస్తుంది, రైజ్ తగ్గించగానే చచ్చిపోతుంది.

ఇంకో నష్టం ఉంది. ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిలో చాలా భాగాన్ని సీటుకు ఆనినప్పుడే వదిలించుకుంటుంది. ఆనకపోతే ఆ వేడి అక్కడే ఉండి అంచు కాలిపోతుంది. అందుకే మా రోజుల్లో కొద్దిగా టిక్ టిక్ మనే ఇంజిన్‌ను చూసి ఎవరూ భయపడేవాళ్లు కాదు. శబ్దం చేయని దాన్ని చూసే భయపడేవాళ్లం. ఎన్ని కిలోమీటర్లు తిప్పావు ఇలా?

పాతబండి_పిచ్చోడు
రెండొందల దాకా ఉంటుంది. టెన్షన్ పెట్టకండి.

కిక్కు_కింగ్
పిస్టన్ రింగులు కూడా కావచ్చు కదా. ముప్పై ఏళ్ల బోరు (సిలిండర్ లోపలి గోడ). వేడెక్కాక ఆయిల్ పల్చబడి కంప్రెషన్ కారిపోవచ్చు. టప్పెట్ అని తేల్చేయడం తొందరపాటు.

మసిగుడ్డ
ఇది మంచి ప్రశ్న. తేల్చుకోవడం కష్టం కాదు. కంప్రెషన్ గేజ్ ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకో. చల్లగా ఒకసారి, వేడిగా ఒకసారి చూడు. యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచి, సూది ఇక పెరగనంత వరకు కిక్కు కొట్టాలి. వేడిగా తక్కువ వస్తే ప్లగ్గు రంధ్రంలోంచి ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడు. అంకె బాగా పెరిగితే రింగులు, బోరు. ఆయిల్ వెళ్లి రింగుల చుట్టూ సందు మూస్తుంది. పెరగకపోతే వాల్వులు.

పాతబండి_పిచ్చోడు
గేజ్ దొరికింది. చల్లగా 130 పీఎస్ఐ. ఆగిపోయిన వెంటనే 55. ఆయిల్ పోశాక 60. వాల్వులే.

కిక్కు_కింగ్
సరే. వాల్వులే. ఒప్పుకున్నా.

గ్యారేజీ_మూల
ఈ థ్రెడ్‌ను ఫ్రేమ్ కట్టించి గోడకు తగిలించండి. కిక్కు_కింగ్ ఒప్పుకున్నాడు.

పాతబండి_పిచ్చోడు
ఇప్పుడు అసలు సమస్య. టప్పెట్లు సరిచేయడానికి ఇంజిన్ క్రాంక్ తిప్పాలంటే ఎడమవైపు మాగ్నెటో (క్రాంక్‌తో పాటు తిరిగే అయస్కాంత చక్రం) కవర్ విప్పాలి. దాని మీద స్టార్ స్క్రూలు ఆరు. నాలుగు వచ్చాయి. రెండింటికి తలలు అరిగిపోయి గుండ్రంగా తయారయ్యాయి. స్క్రూ డ్రైవర్ జారిపోతోంది.

పానా_రాణి
బండి జపాన్ డిజైన్‌దా? అయితే తప్పు స్క్రూది కాదు, డ్రైవర్‌ది. ఆ స్క్రూలు జేఐఎస్ (జపాన్ ప్రమాణం) రకం. చూడ్డానికి మామూలు ఫిలిప్స్ లాగే ఉంటాయి, గాడి ఆకారం వేరు. తల మీద చిన్న చుక్క ఉంటే జేఐఎస్ అని గుర్తు. ఫిలిప్స్ డ్రైవర్ అందులో అడుగుదాకా దిగదు, బలం పెట్టగానే పైకి ఎక్కి అంచులు చెక్కేస్తుంది. జేఐఎస్ డ్రైవర్ ఒక్కటి కొనుక్కుంటే జీవితం మారిపోతుంది.

ఇప్పుడున్న రెండింటికి: ఇంపాక్ట్ డ్రైవర్ తీసుకో. కరెంటుది కాదు, సుత్తితో కొట్టేది. దాన్ని వదులయ్యే వైపు సెట్ చేసి, స్క్రూ మీద నిలువుగా పెట్టి ఒకే ఒక గట్టి దెబ్బ. దెబ్బ బిట్‌ను గాడిలోకి దించుతుంది, అదే దెబ్బ తిప్పుతుంది. ముందు రోజు రాత్రి తుప్పు వదిలించే నూనె పట్టించి ఉంచు.

కొత్త_కుర్రాడు
నేను ఉలి పెట్టి పక్కనుంచి కొట్టి తిప్పాను. వచ్చింది.

పానా_రాణి
ఆఖరి అస్త్రం అది. పనిచేస్తుంది. స్క్రూ మళ్లీ పనికిరాదు, అంతే. కొత్తవి వేసేటప్పుడు అలెన్ బోల్టులు వేసుకో.

నిదానం_ప్రధానం
అలెన్ బోల్టులు వేసుకున్నవాళ్లకు ఒక హెచ్చరిక, నా స్వానుభవం. అలెన్ కీ చేతికి బలం ఎక్కువిస్తుంది. ఆరు ఎంఎం బోల్టుకు అల్యూమినియంలో పది న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల చాలు, అంటే మణికట్టు బలం, భుజం బలం కాదు. నేను 'ఇంకొక్క పిసరు' అనుకుని తిప్పాను. బిగుస్తూ బిగుస్తూ ఒక్కసారిగా మెత్తబడింది. ఆ మెత్తదనం చేతికి తెలిసిన క్షణం ఎవరూ మర్చిపోరు. బయటికి లాగితే బోల్టు మరల్లో అల్యూమినియం స్ప్రింగులా చుట్టుకుని వచ్చింది. హెలికాయిల్ (కొత్త మరలిచ్చే తీగచుట్ట) వేయించి బాగు చేసుకున్నాను.

ఇంకోటి, ఆ ఆరు స్క్రూల పొడవులు ఒకటి కాదు. అట్టముక్క మీద కవర్ బొమ్మ గీసి, ఎక్కడిది అక్కడ గుచ్చిపెట్టు. పొడుగు స్క్రూ పొట్టి రంధ్రంలో వేసి బిగిస్తే లోపలి గోడ పగులుతుంది.

పాతబండి_పిచ్చోడు
ఒకే దెబ్బకు వచ్చాయి రాణి గారూ, రెండూ. ఆ శబ్దం ఎంత బాగుందో. అట్టముక్క కూడా చేశాను. ఇప్పుడు టప్పెట్ ఎలా పెట్టాలో చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పండి. ఈసారి ఫీలర్ గేజ్ కొన్నాను.

పానా_రాణి
ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉండాలి. రాత్రి నడిపి పొద్దున చేయడం మంచిది. ప్లగ్గు విప్పెయ్, క్రాంక్ తేలిగ్గా తిరుగుతుంది. టప్పెట్ మూతలు విప్పు. ఇంజిన్ తిరిగే దిశలోనే క్రాంక్ తిప్పుతూ ఇన్‌లెట్ రాకర్ మీద కన్నుంచు. అది కిందికి దిగి మళ్లీ పైకి వచ్చాక, ఇంకాస్త తిప్పితే మాగ్నెటో మీది 'టి' గీత కవర్ గుర్తుకు ఎదురుగా వస్తుంది. అదే కంప్రెషన్ స్ట్రోక్ పైభాగం. 'టి' గీత రెండు చుట్లకు రెండుసార్లు వస్తుంది, రెండోది ఎగ్జాస్ట్ స్ట్రోక్ చివరన. అక్కడ పెడితే లెక్కంతా తప్పు. అందుకే గీతను ఒక్కదాన్నే నమ్మకు, రాకర్లను చూడు.

తర్వాత గేజ్ ఆకు దూర్చు. ఎంత సందన్నది నీ బండి మాన్యువల్లో ఉన్న అంకే, ఇక్కడ ఎవరు చెప్పిన అంకె వేయకు. ఆకు లాగుతుంటే వెన్నలోంచి కత్తి లాగినట్టు పట్టీ పట్టనట్టు రావాలి. ఊరికే జారిపోతే ఎక్కువ, వంగిపోతే తక్కువ. ఇప్పుడు అసలు చిక్కు: లాక్ నట్ బిగించేటప్పుడు సర్దుబాటు స్క్రూ కూడా దాంతో పాటు కాస్త తిరుగుతుంది, సందు మారిపోతుంది. స్క్రూను ఒక చేత్తో కదలకుండా పట్టి నట్ బిగించు. బిగించాక ఆకు మళ్లీ దూర్చి చూడు. నాకు ఇప్పటికీ మూడో ప్రయత్నానికి గానీ కుదరదు. చివర్లో క్రాంక్ రెండు చుట్లు తిప్పి మరోసారి చూసుకో.

కొత్త_కుర్రాడు
గేజ్ బదులు కాగితం మడత పెట్టొచ్చా?

మసిగుడ్డ
ఏ కాగితం, ఎన్ని మడతలు, ఎంత నూనె పీల్చింది? గేజ్ కొనుక్కో నాయనా, ముప్పై ఏళ్లు ఉంటుంది. పాయింట్ల గ్యాప్‌కు కూడా అదే పనికొస్తుంది.

పాతబండి_పిచ్చోడు
కొలిచాను. ఇన్‌లెట్ కొంచెం తక్కువగా ఉంది. ఎగ్జాస్ట్‌కు సెట్‌లో అన్నిటికంటే పల్చని ఆకు కూడా దూరలేదు. రాకర్ రాయిలా బిగిసి ఉంది. మాన్యువల్ అంకెకు పెట్టాను. లాక్ నట్ దగ్గర నాలుగు ప్రయత్నాలు పట్టాయి, రాణి గారి రికార్డు పదిలం.

ఆ పని మీద ఉండగానే, పాయింట్లు ఎలాగూ కనిపిస్తున్నాయని కరెంటు_పిచ్చి గారు చెప్పినట్టు చూశాను. చిన్న నీలం చుక్క. పాత కండెన్సర్ వేసి చూసినా అంతే.

కరెంటు_పిచ్చి
అయితే పాతది బాగానే ఉందన్నమాట. కొత్తది సీటు కింద పెట్టుకో. ఎప్పుడో ఒకప్పుడు నా మాట నిజమవుతుంది.

తుప్పు_వైద్యం
ట్యాంకులో చూశారా లేదా?

పాతబండి_పిచ్చోడు
చూశాను సార్. అడుగున పల్చగా గోధుమరంగు ఉంది, పొడి రాలడం లేదు. నట్లు వేయను, ప్రామిస్.

పాతబండి_పిచ్చోడు
ఈరోజు యాభై నిమిషాలు తిప్పాను. మధ్యలో కావాలనే మూడుసార్లు ఆపి కొట్టాను. మూడుసార్లూ మొదటి కిక్కుకే. ఐడ్లింగ్ గడియారంలా ఉంది. వేడి మీద కంప్రెషన్ 118. టకటకలు మళ్లీ వచ్చాయి. ఇంట్లో 'బాగు చేశానన్నావు, మళ్లీ శబ్దం చేస్తోందేంటి' అంటున్నారు.

మసిగుడ్డ
118 అంటే రెండొందల కిలోమీటర్లకు పెద్దగా కాలలేదు. మొదటి వెయ్యి కిలోమీటర్ల తర్వాత టప్పెట్లు, కంప్రెషన్ మళ్లీ చూడు. అంకె పడిపోతూ ఉంటేనే హెడ్డు దించి వాల్వు గ్రైండింగ్ సంగతి ఆలోచించు.

నిదానం_ప్రధానం
నేనైతే ఇప్పుడే దించి చూస్తాను. 130 నుంచి 118కి వచ్చిందంటే అంచు కొంత దెబ్బతిన్నట్టే. చిన్నగా ఉన్నప్పుడే పేస్టు పెట్టి రుద్దితే పోతుంది, ఆలస్యం చేస్తే వాల్వే మార్చాలి.

మసిగుడ్డ
130 చల్లగా చూసింది, 118 వేడిగా చూసింది. రెండూ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. నడుస్తున్న ఇంజిన్ హెడ్డు దించితే గాస్కెట్ కొత్తది, హెడ్డు నట్లకు టార్క్ కొత్తది, ఇంకెక్కడో ఆయిల్ లీకు కొత్తది.

నిదానం_ప్రధానం
దానికి ఒప్పుకోను గానీ, బండి మీది కాదు నాది కాదు. అతని ఇష్టం.

పాతబండి_పిచ్చోడు
దించను. విప్పడం అంటేనే చిరాకొచ్చేసింది.

కానీ ఒకటి. ఇంటికొచ్చి స్టాండ్ వేస్తే నేల మీద పెట్రోల్ చుక్కలు. చూస్తే కార్బురేటర్ గిన్నె చుట్టూ తడి. కాక్ మూసేశాను.

రెండు_స్ట్రోకులు
మూడుసార్లు విప్పితే ఆ గాస్కెట్ మాత్రం ఎంతకని ఓర్చుకుంటుంది.

కిక్కు_కింగ్
నేను మొదటి నుంచీ చెబుతూనే ఉన్నాను. కార్బురేటర్ విప్పు.